ఇంటిపేరు చివర ‘ఓవా’ ఎందుకు? పాపకి కూడా పెట్టాలా?

బ్ర్నో_భారతి
చెక్ దేశంలో, బ్ర్నోలో ఉంటున్నాం. మా ఇంటిపేరు చింతల అనుకోండి. పాస్‌పోర్టులో, వీసా కార్డులో, బ్యాంకులో అంతటా అదే. కానీ ఇక్కడ ఆస్పత్రిలో ఇచ్చిన కాగితం మీద ‘చింతలోవా’ అని అచ్చువేశారు. మా ఆయన కాగితం మీద మాత్రం శుభ్రంగా ‘చింతల’ అనే ఉంది. ఇదేంటని అడిగితే కౌంటర్లో ఆవిడ "మీరు ఆడవాళ్ళు కదా" అంది, అంతకంటే చెప్పడానికి ఏముందన్నట్టు. నాకు ఒళ్ళు మండింది. అడగకుండా నా పేరు మార్చడమేంటి?

త్వరలో డెలివరీ. అమ్మాయి అని చెప్పారు, ఇక్కడ ముందే చెప్తారు. జనన పత్రంలో పాప ఇంటిపేరు ‘ఓవా’తో కావాలా, లేకుండా కావాలా అని రాసివ్వాలట. ఆఫీసులో ఒకరేమో ఓవా లేకపోతే స్కూల్లో పిల్లకి ఇబ్బంది అంటున్నారు, ఇంకొకరు ఇప్పుడెవరూ పట్టించుకోరు అంటున్నారు. అసలు ఈ తోక ఏంటి? రష్యా వాళ్ళకీ ఉంది కదా, షరపోవా అని. అదీ ఇదీ ఒకటేనా? వేరే దేశాల్లో ఉన్నవాళ్ళు కూడా చెప్పండి, నాకు నిజంగా అర్థం చేసుకోవాలని ఉంది.

నిర్మొహమాటం
అర్థం చేసుకోవడానికి ఏముంది మేడమ్. ‘ఫలానా వాడి’ అని అర్థం. పెళ్ళికి ముందు నాన్నగారిది, పెళ్ళయ్యాక మొగుడిది. సొత్తుకి ముద్ర వేసినట్టు. పాపకి వద్దు, రాసిచ్చేయండి.

వ్యాకరణం_వెంకి
నిర్మొహమాటం గారు పుట్టుక వరకు సరిగ్గానే చెప్పారు కానీ అక్కడే ఆగిపోయారు. కొంచెం పెద్దగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ఇందులో రెండు ముక్కలున్నాయి. ‘ఒవ్’ అంటే ‘ఎవరి?’ అనే ప్రశ్నకి జవాబు, అంటే మన ‘యొక్క’ లాంటిది. చివరి దీర్ఘం ‘ఆ’ స్త్రీలింగం గుర్తు. నోవాక్ + ఒవ్ + ఆ = నోవాకోవా, ‘నోవాక్ గారి ఆవిడ’ లేదా ‘అమ్మాయి’. ఇది పుట్టుక.

రష్యన్లో సంగతి వేరు. అక్కడ ‘ఒవ్’ మగవాళ్ళ పేర్లలోనే స్థిరపడింది. ఇవానోవ్ అంటే ‘ఇవాన్ గారి’ అనే అర్థం మగవాడికీ ఉంది. తండ్రి షరపోవ్, కూతురు షరపోవా. అంటే ఆవిడ పేరుకి కొత్తగా కలిసింది ‘ఆ’ ఒక్కటే. చెక్‌లో నోవాక్ అనే మగవాడికి ‘ఒవ్’ లేదు, ఆడవాళ్ళ దగ్గరికి వచ్చేసరికి ‘ఒవ్’, ‘ఆ’ రెండూ చేరతాయి. చూడ్డానికి ఒకేలా ఉన్నా చేసే పని ఒకటి కాదు.

ఇప్పుడు అసలు విషయం. చెక్ భాషలో ఎవరు ఎవర్ని ఏం చేశారన్నది పదాల వరస చెప్పదు, పదం చివర చెప్తుంది. నోవాకోవా అంటే ఆవిడ కర్త. నోవాకోవే అంటే ఆవిడ యొక్క. నోవాకోవొఉ అంటే ఆవిడని. టెన్నిస్ వార్త తీసుకోండి. ‘స్త్రీత్సోవా ఓడించింది మీర్జాఓవొఉ’ అన్నా, ‘మీర్జాఓవొఉ ఓడించింది స్త్రీత్సోవా’ అన్నా గెలిచింది స్త్రీత్సోవానే. మనకి ‘ను’ ఉంది కాబట్టి ‘మీర్జాను స్త్రీత్సోవా ఓడించింది’ అని ఎటు తిప్పినా అర్థం మారదు. మన ‘ను’ ఏ పేరుకైనా అతుక్కుంటుంది, ఆడా మగా చూడదు. వాళ్ళ విభక్తులు అలా అతుక్కోవు, పట్టుకోవడానికి సరైన చివర కావాలి. చింతలోవా అంటే ఆ చివర దొరికింది. ఆస్పత్రిలో ఆవిడకి మీ పేరు వాక్యంలో వాడాలంటే అది కావాలి. అవమానించాలని చేసిన పని కాదు.

ఓరుగల్లు_పిల్ల
ఆగండాగండి. మీర్జా అంటే మన సానియానా?

వ్యాకరణం_వెంకి
అవును. అక్కడి పేపర్లలో సానియా మీర్జా కాస్తా మీర్జాఓవా. 2016లో సిన్సినాటిలో బార్బొరా స్త్రీత్సోవాతో కలిసి డబుల్స్ గెలిచింది కదా, అవతల హింగిస్ జోడీ. చెక్ పేపరు చదివేవాళ్ళకి హింగిస్ కూడా హింగిసోవా. సరదాగా ఇంకోటి: ‘స్త్రీత్స్’ అంటే వాళ్ళ భాషలో బాబాయి.

ఓరుగల్లు_పిల్ల
అయితే మన హైదరాబాదమ్మాయి బాబాయి గారమ్మాయితో కలిసి ఆడిందన్నమాట 😄

పాత_పుస్తకాలు
మీర్జా ఒక్కరే కాదమ్మా. చెక్‌లో ఇందిరా గాంధీని గాంధీయోవా అని రాస్తారు. 1980లో మెదక్ నుంచి గెలిచిన ఎంపీ గారు ఆ లెక్కన గాంధీయోవా. మెర్కెల్‌ని మెర్కెలోవా, కెన్నెడీ గారి భార్యని కెన్నెడీయోవా అంటారు. పరాయి దేశపు ప్రధానినే వదలని వాళ్ళు మన భారతిని వదులుతారా?

నిర్మొహమాటం
వెంకి గారూ, బాగుంది, కానీ ఒక్క ప్రశ్న. మెర్కెల్ పేరు మెర్కెల్. ఒక మనిషి పేరు కంటే నీ వ్యాకరణం గొప్పదా? వాక్యం కుదరకపోతే వాక్యం మార్చుకో, మనిషిని మార్చకు.

వార్సా_వాణి
వెంకి గారి మాటకి నాకో పెద్ద అభ్యంతరం ఉంది. పోలండ్‌లో ఉంటాను. పోలిష్ కూడా చెక్‌కి చెల్లెలే, ఏడు విభక్తులున్నాయి, పదాల వరస అంతే వదులు. ఇక్కడ నొవాక్ అనే ఆయన భార్యా నొవాకే, కూతురూ నొవాకే. పూర్వం భార్యకి నొవాకోవా, పెళ్ళి కాని కూతురికి నొవాకువ్నా అనేవారు. మా ఇంటి యజమానురాలు పెద్దావిడ, ఇప్పటికీ పక్కింటావిణ్ణి అలాగే పిలుస్తుంది. కాగితాల మీద మాత్రం అవి దాదాపు పోయాయి.

పోతే భాష ఏమైనా కూలిపోయిందా? లేదు. చాలా చక్కటి ఉపాయం దొరికింది. మగ నొవాక్‌కి విభక్తి మారుతుంది: ‘నొవాకా చూశాను’ అంటే ఆయన్ని చూశాను. ఆడవాళ్ళ పేరు మారదు: ‘పానియొం నొవాక్ చూశాను’. ‘పానీ’ అంటే శ్రీమతి లాంటి మాట, విభక్తి దానికి తగిలి ‘పానియొం’ అవుతుంది. పేరు కదలకపోవడమే ఆడమనిషి అని చెప్తుంది. అంటే ఏ ప్రత్యయమూ లేకపోవడం కూడా ఒక గుర్తే. కాబట్టి ‘భాషకి తప్పనిసరి’ అన్న వాదన నేను ఒప్పుకోను.

అయితే ‘స్కీ’తో ముగిసేవి విశేషణాలు, అవి మారతాయి. స్క్వొదోవ్‌స్కీ గారి అమ్మాయి స్క్వొదోవ్‌స్కా. మేడమ్ క్యూరీ పుట్టింటి పేరు అదే. ఇక్కడ ఎవరూ ఆవిణ్ణి ఉత్త క్యూరీ అనరు, మరియా స్క్వొదోవ్‌స్కా-క్యూరీ అంటారు, అలా అనకపోతే సరిదిద్దుతారు కూడా.

వ్యాకరణం_వెంకి
వాణి గారు చెప్పింది గట్టి ఉదాహరణే. అయినా ఒక తేడా చూడండి. పోలిష్ వాళ్ళకి ‘పానీ’ లేకుండా ఉత్త ‘నొవాక్’ అంటే కుంటుపడుతుంది, పేరు ముందు ఏదో ఒక ఆసరా కావాలి. పేపరు హెడ్డింగుల్లో చోటు తక్కువ కాబట్టి చెక్ వాళ్ళు ఓవాని అంత తేలిగ్గా వదలట్లేదు. తప్పనిసరి అని నేననను. అలవాటైన సౌకర్యం, అంతే.

సెర్బియాలో కూడా మీ పద్ధతే. ఇవానోవిచ్ అన్న పేరు మగవాడిదైతే విభక్తి పడుతుంది, టెన్నిస్ ఆడిన ఆనా ఇవానోవిచ్‌ది అయితే ఇంటిపేరు కదలదు, ‘ఆనా’ మాత్రమే మారుతుంది.

గోదారి_గట్టు
ఆనా ఇవానోవిచ్ పేరు చెక్ పేపర్లో ఎలా రాస్తారో ఊహించండి ఎవరైనా.

ఓరుగల్లు_పిల్ల
ఇవానోవిచోవా???

గోదారి_గట్టు
అక్షరాలా అదే. ఇవాన్ + ఒవ్ + ఇచ్ + ఒవ్ + ఆ. ఇవాన్ గారి వాడి పిల్లాడి వాళ్ళావిడ. ఒకే ‘ఒవ్’ రెండుసార్లు. మొదటిది ఎప్పుడో గడ్డకట్టిపోయింది, రెండోది ఇంకా పచ్చిగా ఉంది.

దూనా_తీరం
బుడాపెస్ట్ నుంచి. నిర్మొహమాటం గారికి నా దగ్గర మంచి ఉదాహరణ ఉంది. హంగేరియన్‌లో లింగభేదమే లేదు. ‘అతను’, ‘ఆమె’ రెండింటికీ ఒకటే మాట, ‘ఓ’. వ్యాకరణం ఆడా మగా అని అడగనే అడగదు. అయినా పెళ్ళయిన ఆడవాళ్ళకి ‘నే’ అనే ప్రత్యయం ఉంది, అది ఉత్త ఇంటిపేరుకే కాదు, భర్త మొత్తం పేరుకి కూడా తగులుతుంది. కొవాచ్ యానొష్ గారి భార్య కొవాచ్ యానొష్‌నే. అందులో ఆవిడ సొంత పేరు ఒక్క అక్షరం లేదు! మా బిల్డింగ్ కింద కాలింగ్ బెల్ బోర్డు మీద ముసలివాళ్ళ ఫ్లాట్లన్నీ ఇలాగే ఉంటాయి. ఎదురింటి బామ్మగారి అసలు పేరు నాకు చాలా కాలం తెలియదు. ఇక్కడ విభక్తి కోసం అని ఎవరూ చెప్పలేరు, ఎందుకంటే హంగేరియన్ విభక్తులు మన వాటిలాగే ఏ పేరుకైనా అతుక్కుంటాయి.

ఇప్పటి అమ్మాయిలు చాలామంది పుట్టింటి పేరే ఉంచుకుంటున్నారు. చట్టం రకరకాల రూపాల్లోంచి ఎంచుకోనిస్తుంది, ‘నే’ వాటిలో ఒకటి.

ఇంకో సంతోషం ఏంటంటే యూరప్‌లో ఇంటిపేరు ముందు రాసేది వీళ్ళే. పుష్కాష్ ఫెరెంత్స్, బర్తోక్ బేలా. మన పేరు మన పద్ధతిలో చెప్తే ఇక్కడ ఎవరూ వింతగా చూడరు.

నిర్మొహమాటం
దూనా తీరం గారూ, ఇదే నేను చెప్పేది! వ్యాకరణం అడగకపోయినా తగిలించారు. అంటే మూలం వ్యాకరణం కాదు, సంసారం.

పాత_పుస్తకాలు
ఒక్క ప్రత్యయాన్ని పట్టుకుని మొత్తం సమాజానికి తీర్పు చెప్పేస్తే ఎలా బాబూ. రష్యన్ సంగతి చెప్తాను. మా తరం విజయవాడ విశాలాంధ్రలో సోవియట్ పుస్తకాలు కొనుక్కుని పెరిగాం. ప్రగతి, రాదుగ వాళ్ళ తెలుగు అనువాదాలు. అట్ట గట్టిగా, కాగితం తెల్లగా, ధర చాలా తక్కువ. వాటిలో ఒకే మనిషిని ఒక పేజీలో అన్నా అని, ఇంకో పేజీలో అన్నా పెత్రోవ్నా అని, మరోచోట ఇంటిపేరుతో పిలిచేవాళ్ళు. ముగ్గురు మనుషులనుకుని వెనక్కి వెళ్ళి వెతుక్కునేవాళ్ళం.

ఆ ‘ఒవ్నా’ తండ్రి పేరు చెప్పే ప్రత్యయం. ప్యోతర్ కూతురు పెత్రోవ్నా, కొడుకు పెత్రోవిచ్. అది అక్కడ గౌరవ వాచకం. టీచరుని, డాక్టరుని, వయసులో పెద్దవాళ్ళని పేరూ తండ్రి పేరూ కలిపి పిలవాలి. మనం ‘గారు’ అనే చోట వాళ్ళు నాన్న పేరు చెప్తారు.

ఇది మనకి కొత్త కాదు కూడా. జనకుడి కూతురు జానకి, ద్రుపదుడి కూతురు ద్రౌపది, దశరథుడి కొడుకు దాశరథి. తద్ధిత ప్రత్యయం అని చిన్నప్పుడు మా మాస్టారు చెప్పేవారు. సీతమ్మని జానకి అంటే ఆవిణ్ణి జనకుడి సొత్తు అన్నామా?

ఓరుగల్లు_పిల్ల
బాబాయి గారు గోల్ కొట్టారు 👏

నిర్మొహమాటం
పెద్దాయనా, మీ ఉదాహరణ నాకు నచ్చింది. కాకపోతే జానకిని పెళ్ళయ్యాక ‘రాముడోవా’ అనలేదు కదా. నా అభ్యంతరం అక్కడే. తండ్రి పేరు కొడుక్కీ కూతురికీ ఇద్దరికీ వస్తే అది వంశం. పెళ్ళితో ఆడవాళ్ళకి మాత్రమే మారితే అది వేరే సంగతి.

కౌనస్_కుర్రాడు
అన్నా, నువ్వు లిథువేనియా వస్తే ఏమంటావో. నేనిక్కడ మెడిసిన్ చదువుతున్నా. మగవాడు కజ్లౌస్కస్ అయితే పెళ్ళాం కజ్లౌస్కియెనే, పెళ్ళికాని కూతురు కజ్లౌస్కైతే. పేరు వినగానే పెళ్ళయిందో లేదో తెలిసిపోతుంది. తండ్రి పేరు చివర్ని బట్టి కూతురి చివర కూడా మారుతుంది: ‘అస్’ అయితే ‘ఐతే’, ‘ఇస్’ అయితే ‘ఈతే’. 2009 నుంచి 2019 దాకా ప్రెసిడెంట్‌గా చేసిన గ్రిబౌస్కైతే గారి పేరు చూడు, పెళ్ళి చేసుకోలేదని ఇంటిపేరే చెప్తోంది.

దీని మీద ఆడవాళ్ళు గొడవ చేస్తే 2003లో భాషా సంఘం వాళ్ళు మూడో దారి ఇచ్చారు, ఉత్త ‘ఏ’ పెట్టుకోవచ్చని. కజ్లౌస్కే అంటే ఆడమనిషి అని తెలుస్తుంది, పెళ్ళి సంగతి తెలియదు. మా ప్రొఫెసరమ్మ ఒకావిడ అలాగే రాసుకుంటుంది. ఆవిడ వాళ్ళమ్మకి ఇంకా కోపమట.

నిర్మొహమాటం
ఇదిగో, ఇది బాగుంది. విభక్తి కోసం చివర కావాలంటే ఇలా ఇవ్వు, మొగుడి సంగతి ఎందుకు?

రీగా_రాజు
పక్కన లాత్వియా ఉంది, ఇక్కడ మగవాళ్ళనీ వదలరు. ప్రతి మగ పేరుకీ చివర ‘స్’ లాంటిది పడాలి. జార్జ్ బుష్ ఇక్కడ జోర్జ్‌స్ బుష్‌స్. షేక్స్పియర్ గారు విల్యమ్స్ షెక్స్‌పీర్స్. జర్మన్‌ని చేసుకున్న ఒకావిడ తన పేరు మెంట్సెన్ అంటే పాస్‌పోర్టులో మెంట్సెనా అని రాశారు. ఆవిడ యూరప్ మానవ హక్కుల కోర్టు దాకా వెళ్ళింది. 2004లో కోర్టు భాషని కాపాడుకోవడం దేశానికి ఉన్న సరైన కారణమే అని, పాస్‌పోర్టులో ఇంకో పేజీలో అసలు రూపం కూడా రాసిస్తున్నారు కదా అని, ఆవిడ కేసు తీసుకోలేదు. చిన్న దేశం, భాష పోతుందని భయం ఎక్కువ. ఇక్కడుంటే ఆ భయం అర్థమవుతుంది.

గోదారి_గట్టు
రీగా రాజు గారూ, మనం చేసేది కూడా అదే కదా? డు, ము, వు, లు ప్రథమా విభక్తి. సంస్కృతం వాళ్ళ రామని రాముడు చేశాం, కృష్ణని కృష్ణుడు చేశాం, ఎవర్నీ అడగలేదు. ఆడవాళ్ళ పేర్లకి డు లేదు కానీ దీర్ఘం కోసేశాం, సీతా కాస్తా సీత, రమా కాస్తా రమ. అలెగ్జాండర్‌ని అలెగ్జాండరు అన్నాం. తెలుగు మాట అచ్చుతో ముగియాలి, అందుకు.

వ్యాకరణం_వెంకి
గట్టు గారూ, ఇది చాలా మంచి పోలిక, ఇంకో అడుగు ముందుకు తీసుకెళ్తాను. లాత్వియన్ ‘స్’, లిథువేనియన్ ‘అస్’, గ్రీకు ‘ఒస్’, లాటిన్ ‘ఉస్’, సంస్కృతంలో విసర్గ, అన్నీ ఒకే చెట్టు కొమ్మలు. తోడేలుని లిథువేనియన్‌లో విల్కస్ అంటారు, సంస్కృతంలో వృకః. అంటే మనం రామః దగ్గర ఆ పాత ‘స్’ని తీసేసి మన ‘డు’ పెట్టాం. లాత్వియన్ వాళ్ళు బుష్ దగ్గర లేని ‘స్’ తెచ్చి పెడుతున్నారు.

తేడా ఒకటుంది. మనం ఇప్పుడు బతికున్న మనిషి పాస్‌పోర్టులో అడగకుండా డు తగిలించం. కథలో రాముడు, ఆధార్ కార్డులో రామ్.

ఏథెన్స్_ఏలూరు
గ్రీస్ కూడా వేసుకోండి లిస్టులో. పపదోపులోస్ గారి అమ్మాయి పపదోపులు. కొత్త ప్రత్యయం ఏమీ రాలేదు, ఆయన పేరుకి షష్ఠీ విభక్తి వేశారంతే. ‘పపదోపులోస్ యొక్క’. ఇంతకంటే సూటిగా ఎవరూ చెప్పరు. కానీ 1983 చట్టం తర్వాత పెళ్ళయినా పుట్టింటి పేరే ఉంటుంది కాబట్టి ఆ ‘యొక్క’ జీవితాంతం తండ్రి వైపే, భర్త వైపు పోదు. నిర్మొహమాటం గారికి ఇది ఎక్కడ పెట్టాలో తెలియక ఇబ్బంది పడాలి 😊

జర్మన్_టీచరమ్మ
జర్మన్‌లో కూడా ఒకప్పుడు ఇంటిపేర్లకి ఆడ ప్రత్యయం ఉండేది. 18వ శతాబ్దంలో కార్ష్ అనే కవయిత్రిని అందరూ కార్షిన్ అనేవారు. ఆ ‘ఇన్’ ఇప్పుడు ఇంటిపేర్లలో చచ్చిపోయింది కానీ ఉద్యోగాల్లో మహా జోరుగా ఉంది. లేరర్ అంటే టీచరు, లేరరిన్ అంటే టీచరమ్మ. ఆశ్చర్యం ఏంటంటే ఇక్కడ స్త్రీవాదులు ఆ ‘ఇన్’ కావాలని పోరాడతారు, ఉత్త లేరర్ అంటే ఆడవాళ్ళు కనిపించకుండా పోతారని. చెక్‌లో ఓవా వద్దనే పోరాటం, ఇక్కడ ఇన్ కావాలనే పోరాటం. రెండిట్లోనూ ఆడవాళ్ళే, ఇద్దరిదీ న్యాయమే.

నిర్మొహమాటం
టీచరమ్మ గారూ, ఉద్యోగం ఆవిడ సొంతం కదా, అందుకే అక్కడ ప్రత్యయం ఆవిడది అవుతుంది. పేరులో ఉన్న ప్రత్యయం ఇంకొకరి పేరు మీద ఎక్కి కూర్చుంటుంది. నాకు తేడా స్పష్టంగానే కనిపిస్తోంది.

బ్ర్నో_భారతి
ఇన్ని విషయాలుంటాయని అనుకోలేదు. అన్నీ చదివాను. మా ఆయనకి కూడా చదివి వినిపించాను. ఇక్కడ పక్కింటివాళ్ళ పేరు నవ్రాతిల్, ఆవిడ నవ్రాతిలోవా. అడిగితే ‘నవ్రాతిల్’ అంటే ‘తిరిగొచ్చాడు’ అని అర్థమట. ఈ మొరావియా ప్రాంతంలో ఇలా క్రియలే ఇంటిపేర్లుగా చాలా ఉన్నాయట, విస్కొచిల్ అంటే ‘బయటికి దూకాడు’. అప్పుడు టెన్నిస్ నవ్రతిలోవా అంటే తిరిగొచ్చినాయన గారమ్మాయి. పైగా అది ఆవిడ సవతి తండ్రి ఇంటిపేరట.

కానీ ఒకటి అర్థం కాలేదు. యానా నోవోత్నా కూడా మా బ్ర్నో అమ్మాయే కదా, 1998లో వింబుల్డన్ గెలిచింది. ఆవిడకి ఓవా ఎందుకు లేదు?

వ్యాకరణం_వెంకి
ఎందుకంటే తండ్రి పేరు నోవోత్నీ, అది విశేషణం. విశేషణానికి ‘ఈ’ తీసి ‘ఆ’ పెడితే చాలు, మధ్యలో ‘ఒవ్’ అక్కర్లేదు. చెర్నీ - చెర్నా కూడా అంతే. మార్తినూ లాంటి పేర్లు అసలు మారవు, ఆడవాళ్ళకీ మార్తినూనే, ఎందుకంటే అది ముందే ‘మార్తిన్ వాళ్ళ’ అనే షష్ఠీ బహువచనం. చూడండి, చెక్‌లోనే తరతరాలుగా ఓవా లేకుండా బతుకుతున్న ఆడవాళ్ళున్నారు.

ప్రాగ్_ప్రసాదు
భారతి గారూ, కాగితాల సంగతి నేను చెప్తాను, ఎందుకంటే మా పాప ఇక్కడే పుట్టింది. విదేశీయులు ఓవా లేకుండా రాయించుకునే వెసులుబాటు పాత చట్టంలోనే ఉంది, దరఖాస్తు పెట్టుకోవాలి. 2022 జనవరి 1 నుంచి చెక్ వాళ్ళకి కూడా కారణం చెప్పకుండా ఎంచుకునే హక్కు వచ్చింది. కాబట్టి ఎవరూ మిమ్మల్ని బలవంతం చేయలేరు.

నా సలహా మాత్రం ఒకటే: జనన పత్రంలో పాప ఇంటిపేరు మీ పాస్‌పోర్టుల్లో ఉన్నట్టే అక్షరం తేడా లేకుండా ఉండాలి. ఆ పత్రం చూపించే మన ఎంబసీలో పాస్‌పోర్టు అడగాలి. నాన్న చింతల, అమ్మ చింతల, పాప చింతలోవా అని ఉంటే రేపు హైదరాబాద్‌లో స్కూల్లో చేర్చేటప్పుడు, ఆధార్ తీసేటప్పుడు మీరు ప్రతి కౌంటర్లో ఈ చర్చ మొత్తం చెప్పాలి. మాకు తెలిసినవాళ్ళు ఒకరు సరదాపడి ఓవా పెట్టించుకుని, ఆ టెన్షన్ ఇంకా పడుతున్నారు.

స్కూల్ గురించి భయం వద్దు. టీచర్లు, పిల్లలు మాటల్లో ఓవా తగిలించేస్తారు, అది ఆపలేరు, ఆపక్కర్లేదు కూడా. రిజిస్టరులో మీరిచ్చినట్టే ఉంటుంది.

బ్ర్నో_భారతి
ప్రసాదు గారూ, చాలా థాంక్స్, ఇదే కావాలి. పాపకి ఓవా లేకుండానే రాసిస్తాం. నన్ను ఎవరైనా చింతలోవా అని పిలిస్తే ఇకమీదట పలుకుతాను, వాళ్ళ వాక్యంలో నా పేరుకి చోటు చేస్తున్నారని అర్థమైంది. కానీ కాగితం మీద రాసేముందు నన్ను అడగాలి, ఆ మాట మీద మాత్రం నేను నిర్మొహమాటం గారి పక్షమే.

ఓరుగల్లు_పిల్ల
అక్కా, కంగ్రాట్స్ ముందుగానే! పాప పేరేంటి?

బ్ర్నో_భారతి
జానకి అనుకుంటున్నాం, పైన పెద్దాయన చెప్పాక ఇంకా గట్టిపడింది.

కౌనస్_కుర్రాడు
ఐస్‌లాండ్ గురించి ఎవరూ మాట్లాడలేదేంటి? అక్కడే కదా అందరికీ సన్, డాటర్.

వార్సా_వాణి
నేను అక్కడ కొంతకాలం ఉన్నాను. గుద్‌ముందుర్ కూతురు గుద్‌ముంద్స్‌దోత్తిర్, పాటలు పాడే బ్యోర్క్ పూర్తి పేరులో ఉన్నది అదే. మధ్యలో ‘స్’ అంటే షష్ఠీ, తర్వాత ‘కూతురు’. అది ఇంటిపేరు కాదు, ఫలానా వారి కూతురు అనే సమాచారం. అందుకే పెళ్ళయితే మారదు, భార్యాభర్తలు, కొడుకు, కూతురు నలుగురికీ నాలుగు వేరు వేరు చివరలు ఉండొచ్చు. అందరూ ప్రెసిడెంట్‌ని కూడా పేరు పెట్టే పిలుస్తారు, అచ్చు ఫోన్ పుస్తకం ఉన్న రోజుల్లో అదీ సొంత పేర్ల వరసలోనే ఉండేది. తల్లి పేరుతో కూడా పెట్టుకోవచ్చు. 2019 చట్టం తర్వాత, ఆడా మగా రెండూ కాదని నమోదు చేసుకున్నవాళ్ళు సన్, దోత్తిర్ బదులు ‘బుర్’ పెట్టుకోవచ్చు, సంతానం అనే అర్థంలో తీసుకున్న పాత మాట అది.

స్టాక్‌హోమ్_సుజాత
మా స్వీడన్‌లో ఇదే ప్రత్యయం గడ్డకట్టేసింది. ఒకప్పుడు ఇక్కడా కూతురికి ‘దోత్తెర్’ అనేవారు. తర్వాత ఇంటిపేర్లు స్థిరపడేసరికి ‘సొన్’ అందరి మీదా ఉండిపోయింది. 2021లో ప్రధాని అయిన మొదటి మహిళ పేరు మగ్దలేనా ఆందెర్సొన్, అంటే అక్షరాలా ఆందెర్స్ గారి కొడుకు. ఇక్కడ ఎవరికీ అలా వినిపించదు, అర్థం ఎప్పుడో ఎండిపోయింది.

నిర్మొహమాటం
సుజాత గారూ, మరి ఇప్పుడు ఎవరైనా దోత్తెర్ కావాలంటే ఇస్తారా?

స్టాక్‌హోమ్_సుజాత
ఇస్తారు. తల్లి పేరుకో తండ్రి పేరుకో సొన్ గానీ దోత్తెర్ గానీ చేర్చి పెట్టుకోవడానికి చట్టం ఒప్పుకుంటుంది. మా ఆఫీసులో ఒకమ్మాయి తాత ముత్తాతల సొన్ తీసేసి, వాళ్ళమ్మ పేరుకి దోత్తెర్ కలుపుకుంది. కొత్త పేరుతో ఈమెయిల్ అడ్రసు మార్చడానికి ఐటీ వాళ్ళు పెట్టిన తిప్పలు వేరే థ్రెడ్‌లో రాస్తాను.